బోరుబావి భార పరీక్ష ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌కు అనువైన ఫైలుగా భద్రపరచుట: బద్వేలు ప్రాంత మెట్ట సేద్యానికి ఒక అధ్యయన పాఠం

సంగ్రహం

బోరుబావి నుండి ఎంత నీరు వస్తుందన్న ప్రశ్నకు సాధారణంగా ఒకే సంఖ్యతో సమాధానం లభిస్తుంది. మోటారు ఎంపిక, తోట విస్తీర్ణం, బ్యాంకు రుణం ఆ సంఖ్యపైనే ఆధారపడతాయి. అయితే క్రమంగా భారం పెంచుతూ చేసిన పరీక్షలోని ప్రతి కొలతను భద్రపరచినప్పుడు వచ్చే సమాధానం, ఒకే సంఖ్యతో వచ్చే సమాధానానికి పూర్తిగా భిన్నంగా ఉండవచ్చు. బోరుబావి భార పరీక్షలో నమోదు చేయవలసిన అంశాలు, వాటిని స్ప్రెడ్‌షీట్‌లో తెరవగల సాదా ఫైలుగా రూపొందించే విధానం, ఆ ప్రక్రియలో దొర్లే పొరపాట్లు, విశ్లేషణ క్రమం ఈ వ్యాసంలో వివరించబడినవి.

ముఖ్య పదాలు: బోరుబావి, దశలవారీ పరీక్ష, నీటిమట్టపు తగ్గుదల, సీఎస్‌వీ ఫైలు, స్ప్రెడ్‌షీట్, బద్వేలు

పరిచయం

బద్వేలుకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువు వద్ద క్రీ.శ. 1369 నాటి శాసనం కలదు. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన ఆ చెరువు గురించి చెబుతూ, చెరువు నిర్మాణానికి కావలసిన 12 అంగాలను, విడువవలసిన 6 దోషాలను ఆ శాసనం పేర్కొంటుంది. ప్రతి దినం 1000 మంది కూలీలు, 100 బండ్లతో 2 సంవత్సరాలు పని సాగినట్లు కూడా తెలుపుతుంది. ఆ అంకెలు నేటికీ చదువబడుచున్నవంటే, అవి తరువాతి వారు చదివి పరిశీలించగల రూపంలో చెక్కబడినందువల్లనే.

అదే ప్రాంతంలో నేడు మెట్ట భూములకు నీరిచ్చేది ఎక్కువగా బోరుబావి. దాని గురించి మిగిలే రికార్డు మాత్రం చాలా సందర్భాల్లో “రెండంగుళాల నీళ్లు పడినవి” అన్న మాట మాత్రమే. ఏ నెలలో కొలిచారు, ఎంతసేపు నడిపారు, మట్టం ఎంత దిగింది, విద్యుత్ వోల్టేజి ఎంత ఉంది అన్న వివరాలు ఆ మాటలో లేవు. వేసవిలో మోటారు గాలి లాగడం మొదలైనప్పుడు పొరపాటు ఎక్కడ జరిగిందో తేల్చుకొనుటకు ఆధారం మిగలదు.

ఒక వ్యవస్థపై భారాన్ని మెట్టు మెట్టుగా పెంచుతూ, అది ఎక్కడ వరకు తట్టుకొనగలదో గమనించే విధానాన్ని లోడ్ టెస్టింగ్ అంటారు. వంతెనలపై ఈ పరీక్ష జరుగుతుంది. ఒకేసారి వేలాది మంది వాడే కంప్యూటర్ సర్వర్లపైనా జరుగుతుంది. సర్వర్ల పరీక్షకు విస్తృతంగా వాడే అపాచీ జేమీటర్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి అభ్యర్థనను ఒక వరుసగా, అది పంపిన సమయం, పట్టిన వ్యవధి, ఫలించినదా లేదా అన్న వివరాలతో సీఎస్‌వీ ఫైలులో వ్రాస్తుంది. సగటు ఒక్కటే చూపితే, నడుమ కొద్ది నిమిషాల పాటు సర్వర్ స్తంభించిన సంగతి మరుగున పడుతుంది. బోరుబావికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇక్కడ భారం అంటే సెకనుకు తోడే నీటి పరిమాణం. ప్రతిస్పందన అంటే బావిలో నీటిమట్టపు తగ్గుదల.

బద్వేలు ప్రాంత భూగర్భజల స్వరూపం

పడమట లంకమల, తూర్పున వెలిగొండల నడుమ సగిలేరు ప్రవహించే లోయలో బద్వేలు ఉన్నది. కడప జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. నైరుతితో పాటు ఈశాన్య ఋతుపవనాల వర్షం కూడా ఈ ప్రాంతానికి ముఖ్యం. తెలుగుగంగ పథకంలోని బ్రహ్మంసాగర్ జలాశయం సమీపంలోనే ఉన్నప్పటికీ, కాలువ అందని భూములు చెరువులపైన, బోర్లపైన ఆధారపడుచున్నవి.

ఇక్కడి శిలలు కడప మహాసంఘానికి చెందినవి. షేలు, ఫిల్లైటు, క్వార్ట్జైటు ప్రధానంగా కనిపిస్తాయి. ఇసుక పొరలలో వలె వీటిలో నీరు రాయి అంతటా నిండి ఉండదు. పైభాగంలోని శిథిల పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నిలువ ఉంటుంది. కావున పక్కపక్కనే ఉన్న రెండు బోర్ల సామర్థ్యంలో ఎంతో తేడా ఉండవచ్చు. నీటిమట్టం ఒక ముఖ్యమైన పగులు కంటే దిగువకు జారిన క్షణం నుండి బోరు స్వభావమే మారిపోతుంది. అప్పటివరకు నెమ్మదిగా దిగుచున్న మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. ఇటువంటి నేలలో పొరుగు బోరు అనుభవం ఆధారంగా మోటారు కొనుట ప్రమాదకరం.

రైతులు స్వయంగా కొలతలు తీసి నిర్ణయాలు తీసుకొనుట ఈ ప్రాంతానికి కొత్త కాదు. నెదర్లాండ్స్ ఆర్థిక సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, నంద్యాలకు చెందిన భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ కేంద్రంగా నడిచిన ‘రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు’ పథకం ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరవు పీడిత జిల్లాల్లో, 638 ఆవాసాల్లో అమలైనది. ఆ జిల్లాల్లో కడప, కర్నూలు ఉన్నవి. గ్రామస్థులే వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని కొలిచి, ఊరి గోడపై వ్రాసి, రబీకి ముందు పంటల వారీ నీటి లెక్క వేసుకొనేవారు. టేపు పట్టి కొలిచే నైపుణ్యం రైతుకు కొరత కాదని ఆ అనుభవం తెలిపినది. ఆ కొలతలు గోడపై వ్రాత చెరిగిన తరువాత కూడా నిలిచి ఉండే ఫైలుగా మారవలెను.

భార పరీక్ష: ఏమి, ఎట్లు కొలవవలెను

పరీక్షకు ముందు రాత్రి అంతా, అనగా కనీసం 12 గంటల పాటు పంపును ఆపి ఉంచవలెను. పొరుగు బోర్లను కూడా ఆపించగలిగిన మంచిది. వీలుకాని పక్షంలో ఏ బోరు ఎన్ని గంటల నుండి ఎన్ని గంటల వరకు నడిచినదో వ్రాసి ఉంచవలెను. తోడిన నీరు తిరిగి బోరు చుట్టూ ఇంకకుండా కాలువ ద్వారా లేదా పైపు ద్వారా దూరంగా పంపవలెను.

మొదట కేసింగ్ పైపు అంచు నేలకు ఎంత ఎత్తులో ఉన్నదో కొలవవలెను. తరువాతి లోతులన్నింటినీ ఆ అంచు నుండే కొలవవలెను. పంపు నడవక ముందు ఉన్న లోతును స్థిర నీటిమట్టం అంటారు.

పరీక్షను కనీసం 3 దశల్లో జరుపుతారు. డెలివరీ పైపునకు అమర్చిన గేటు వాల్వును కొంత తెరిచి తక్కువ విడుదలతో 60 నిమిషాలు, మరికొంత తెరిచి 60 నిమిషాలు, ఇంకొంత తెరిచి 60 నిమిషాలు నడపవలెను. సబ్‌మెర్సిబుల్ మోటారు తన చుట్టూ పారే నీటి వల్లనే చల్లబడుతుంది. కావున వాల్వును పూర్తిగా మూసి ఎక్కువసేపు నడపరాదు. ప్రతి దశలో మొదటి 5 నిమిషాల వరకు నిమిషానికి ఒకసారి, 10 నుండి 30 నిమిషాల వరకు 5 నిమిషాలకు ఒకసారి, ఆపైన 10 నిమిషాలకు ఒకసారి నీటిమట్టం నమోదు చేయవలెను. మట్టం మొదట వేగంగా, పిదప నెమ్మదిగా దిగుటయే ఈ క్రమానికి కారణం.

నీటి విడుదలను 200 లీటర్ల డ్రమ్ముతో కొలవవచ్చును. డ్రమ్ము నిండుటకు 100 సెకన్లు పట్టినచో విడుదల సెకనుకు 2 లీటర్లు. ఎక్కువ విడుదలకు 90 డిగ్రీల వి-నాచ్ పలక అనుకూలం. నాచ్ కోణం మీదుగా పారే నీటి ఎత్తు 10 సెంటీమీటర్లయితే విడుదల సెకనుకు సుమారు 4.4 లీటర్లు. ఏ పద్ధతి అనుసరించినా, లెక్కించిన విడుదలతో పాటు అసలు కొలతను, అనగా సెకన్లను లేదా సెంటీమీటర్లను నమోదు చేయవలెను. లెక్కలో పొరపాటు జరిగితే తరువాత సరిదిద్దవచ్చును. కొలతే లేకపోతే సరిదిద్దుటకు ఏమీ ఉండదు.

వోల్టేజి, ఆంపియర్లు కూడా అవసరమే. వోల్టేజి పడిపోయినప్పుడు విడుదల తగ్గుతుంది. దానిని బోరు బలహీనతగా పొరబడే అవకాశమున్నది. పంపు గాలి లాగుచున్నప్పుడు ఆంపియర్లు ఊగిసలాడతాయి. పంపు ఆపిన తరువాత మట్టం తిరిగి పైకి లేచే దశను కూడా అదే క్రమంలో నమోదు చేయవలెను. ఈ తేరుకొనే దశలో పంపు ఒడుదొడుకులు ఉండవు. అందువలన ఆ కొలతలు నమ్మదగినవి.

ఒకే పంక్తి చెప్పేది, పూర్తి ఫైలు చెప్పేది

బోధన కొరకు కల్పించిన ఒక ఉదాహరణను పరిశీలించవచ్చును. స్థిర నీటిమట్టం 42 మీటర్లు. పంపును 63 మీటర్ల లోతున దించినారు. పంపుపై ఎల్లప్పుడూ కనీసం 3 మీటర్ల నీరు నిలువ ఉండవలెననుకొన్నచో, మట్టం 60 మీటర్లకు మించి దిగరాదు. అనగా అనుమతించదగిన తగ్గుదల 18 మీటర్లు.

పరీక్షలో సెకనుకు 1 లీటరు తోడినప్పుడు 60 నిమిషాల చివర తగ్గుదల 2.4 మీటర్లు, 2 లీటర్ల వద్ద 5.6 మీటర్లు, 3 లీటర్ల వద్ద 9.6 మీటర్లు ఉన్నవి. పుస్తకంలో చివరి పంక్తి మాత్రమే మిగిలినదనుకొందము: “3 లీటర్లు, 9.6 మీటర్లు”. దాని ప్రకారం మీటరు తగ్గుదలకు 0.3125 లీటరు. 18 మీటర్లకు గుణించగా సెకనుకు 5.6 లీటర్లు వస్తుంది. 5 లీటర్ల మోటారు ధైర్యంగా బిగించవచ్చునని ఆ లెక్క చెబుతుంది.

మూడు దశలూ మిగిలినచో చిత్రం మారుతుంది. తగ్గుదలలో రెండు భాగాలున్నవని 1947లో జేకబ్ సూచించినాడు: ఒకటి విడుదలకు అనుపాతంలో, రెండవది విడుదల వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. మొదటిది శిలల్లో నీరు కదలుటకు కలిగే నిరోధం. రెండవది ప్రధానంగా బావిలోనికి, పైపులోనికి వేగంగా ప్రవేశించేటప్పుడు కలిగే నష్టం. తగ్గుదలను విడుదలతో భాగించగా 2.4, 2.8, 3.2 వచ్చును. విడుదల ఒక్కొక్క లీటరు పెరిగిన కొలదీ ఈ విలువ 0.4 చొప్పున పెరుగుచున్నది. వెనుకకు లెక్కించిన సున్నా విడుదల వద్ద 2.0. కావున 4 లీటర్ల వద్ద తగ్గుదల 8.0, 6.4 కలిపి 14.4 మీటర్లు, 5 లీటర్ల వద్ద 10, 10 కలిపి 20 మీటర్లు. 5 లీటర్ల మోటారు మొదటి గంటలోనే 18 మీటర్ల హద్దును దాటుతుంది. ముందు దశల శేష ప్రభావాన్ని ఈ ఉదాహరణలో విడిచిపెట్టడమైనది. క్షేత్రంలో దానిని సరిదిద్దవలసి ఉంటుంది.

మరి 4 లీటర్లు? వ్యవసాయ పంపుసెట్టు రోజుకు 9 గంటలు నడుస్తుందనుకొందము. అదే బోరును బాగా తేరుకొన్న తరువాత సెకనుకు 3 లీటర్ల వద్ద 9 గంటలు నడపగా, 60వ నిమిషం నుండి 540వ నిమిషం వరకు మట్టం మరో 2.4 మీటర్లు దిగినది. ఈ దిగుదల విడుదలకు అనుపాతంలో ఉంటుంది కావున 4 లీటర్ల వద్ద అది 3.2 మీటర్లు. మొత్తం 17.6 మీటర్లు, హద్దుకు లోపలే ఉన్నది. కాని మే నెలలో స్థిర నీటిమట్టం 4 మీటర్లు క్రిందకు జారినచో అనుమతించదగిన తగ్గుదల 14 మీటర్లే. అప్పుడు 4 లీటర్లు తోడుట సాధ్యం కాదు. 3 లీటర్ల వద్ద మొత్తం తగ్గుదల 12 మీటర్లు. అది వేసవిలోనూ నిలుస్తుంది.

ఈ తేడాను విస్తీర్ణంలోకి మార్చి చూడవలెను. సెకనుకు 5 లీటర్ల చొప్పున 9 గంటల్లో 162 ఘనపు మీటర్లు, 3 లీటర్ల చొప్పున 97.2 ఘనపు మీటర్లు లభిస్తాయి. పైరుకు దినానికి 5 మిల్లీమీటర్ల నీరు అవసరమైతే ఎకరానికి సుమారు 20.2 ఘనపు మీటర్లు కావలెను. కాలువల ద్వారా పారించినప్పుడు 60 శాతం నీరే పైరుకు అందుతుందనుకొన్నచో మొదటి లెక్క ప్రకారం 4.8 ఎకరాలు, రెండవ లెక్క ప్రకారం 2.9 ఎకరాలు. ఒకే పంక్తిని నమ్మి నాటిన తోటలో దాదాపు 2 ఎకరాలకు మే నెలలో నీరు అందదు. అటువంటి వేసవి తరువాతనే మరో బోరు, మరో అప్పు మొదలగును.

ఫైలు నిర్మాణం

సీఎస్‌వీ అనునది విలువలను కామాలతో వేరుచేసిన సాదా పాఠ్య ఫైలు. ఏ సంస్థ సాఫ్ట్‌వేర్‌కూ అది కట్టుబడి ఉండదు. ఎక్సెల్, లిబ్రెఆఫీస్ కాల్క్ మొదలైన ఏ స్ప్రెడ్‌షీట్ అయినా తెరవగలదు. పరీక్షకు రెండు ఫైళ్లు అవసరం. మొదటిది బావుల ఫైలు: ఒక బావికి ఒక వరుస. అందులో బావి సంకేతం, గ్రామం, సర్వే నంబరు, అక్షాంశం, రేఖాంశం, మొత్తం లోతు, కేసింగ్ లోతు, అంచు ఎత్తు, పంపు లోతు, మోటారు సామర్థ్యం ఉండవలెను. రెండవది కొలతల ఫైలు: ఒక కొలతకు ఒక వరుస. రెండింటినీ కలిపే తాళం బావి సంకేతం. పై ఉదాహరణలోని కొలతల ఫైలు నుండి 4 వరుసలు ఇట్లుండును:

బావి,తేదీ,సమయం,దశ,నిమిషం,నీటిలోతు_మీ,డ్రమ్ము_సె,వోల్టు,ఆంపియరు,గమనిక
బద్01,2025-05-10,06:00,0,0,42.00,,,,పంపు ప్రారంభానికి ముందు
బద్01,2025-05-10,07:00,1,60,44.40,200,410,9.1,
బద్01,2025-05-10,08:00,2,120,47.60,100,408,9.6,
బద్01,2025-05-10,09:00,3,180,51.60,67,402,10.2,"నీరు తేటగా ఉంది, గాలి లేదు"

ఇందులో పాటించిన నియమాలు ఇవి:

1. శీర్షిక ఒకే వరుసలో ఉండవలెను. గడులను కలిపి వేసిన రెండంతస్తుల శీర్షికలు, రంగులు సీఎస్‌వీలో నిలువవు.

2. కొలమానం శీర్షికలోనే ఉండవలెను. గడిలో “44.40 మీ” అని వ్రాసినచో స్ప్రెడ్‌షీట్ దానిని సంఖ్యగా కాక పాఠ్యంగా గ్రహించి కూడికలోకి తీసుకొనదు.

3. కొలత తీయలేకపోయినచో గడిని ఖాళీగా విడువవలెను. నీటిలోతు గడిలో సున్నా వ్రాసినచో నీరు కేసింగ్ అంచు వరకు ఉన్నదని అర్థం.

4. తేదీని సంవత్సరం, నెల, దినం క్రమంలో వ్రాయవలెను. 03-04 అని వ్రాసిన తేదీ ఒక కంప్యూటరులో ఏప్రిల్ 3గా, మరొక దానిలో మార్చి 4గా మారవచ్చును.

5. గమనికలో కామా ఉన్నచో ఆ గడిని జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచవలెను. లేనిచో ఆ వరుసలోని విలువలు పక్క గడులకు జరుగును.

6. సగటులు, మొత్తాలు ఈ ఫైలులో చేర్చరాదు. వాటికి వేరొక పత్రం ఉండవలెను.

లాగర్ నుండి ఎగుమతి

నీటిలో వ్రేలాడదీసే పీడన లాగర్ ఉన్నచో చేతి శ్రమ తగ్గుతుంది. అయితే దాని ఫైలును నేరుగా వాడుట తగదు. గాలి గొట్టం లేని లాగర్ నీటి పీడనంతో పాటు వాతావరణ పీడనాన్ని కూడా కలిపి కొలుస్తుంది. 1 కిలోపాస్కల్ మార్పు సుమారు 10 సెంటీమీటర్ల నీటికి సమానం. కావున నేలపై ఉంచిన మరొక లాగర్ విలువను తీసివేయవలెను. రెండవ విషయం: లాగర్ చూపేది తనపై ఉన్న నీటి ఎత్తు, టేపు చూపేది అంచు నుండి నీటి లోతు. ఒకటి తగ్గునప్పుడు రెండవది పెరుగును. లాగర్ వ్రేలాడిన లోతు నుండి నీటి ఎత్తును తీసివేసిన తరువాతనే రెండూ ఒకే మాట చెబుతాయి. పరీక్ష మొదట, నడుమ, చివర టేపుతో కొలిచి సరిచూడవలెను. లాగర్ గడియారం, చేతి గడియారం ఒకే సమయం చూపుచున్నవో లేదో ముందుగానే గమనించవలెను.

ఎగుమతి ఫైలు పైభాగంలో తరచుగా లాగర్ క్రమసంఖ్య, అమరిక వివరాల పంక్తులు ఉంటాయి. వాటిని తుడిచివేయక, అసలు ఫైలును యథాతథంగా ఉంచి, నకలులో మాత్రమే శుభ్రపరచవలెను.

వరుసల సంఖ్యనూ చూచుకొనవలెను. పాత ఎక్సెల్ పత్రంలో 65,536 వరుసలే పట్టును. సెకనుకు ఒక కొలత తీసే లాగర్ 18 గంటల 12 నిమిషాల్లో ఆ హద్దును చేరును. మిగిలిన కొలతలు ఆ పత్రంలోకి రావు. 2020 అక్టోబరులో ఇంగ్లండులో ఈ పాత పత్రపు హద్దు కారణంగానే దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాక ఆలస్యమైనవి. కొత్త రూపంలో హద్దు 10,48,576 వరుసలు. అయినను బోరు పరీక్షకు సెకనుకొక కొలత అవసరం లేదు. మొదటి 5 నిమిషాల తరువాత నిమిషానికొకటి చాలును.

స్ప్రెడ్‌షీట్‌లో తెరచునప్పుడు కలుగు పొరపాట్లు

సీఎస్‌వీ ఫైలుపై రెండుసార్లు నొక్కి తెరచుట సులభమే కాని సురక్షితం కాదు. స్ప్రెడ్‌షీట్ తనంతట తానే విలువల రకాన్ని ఊహించుకొంటుంది. 5/2 అన్న సర్వే నంబరు తేదీగా మారిపోవును. ఒకసారి మార్చి భద్రపరచిన తరువాత, అది మొదట సర్వే నంబరేనా అని తెలుసుకొనుట కష్టం. ఈ చిక్కు శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. జన్యువుల పట్టికలు ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధనా పత్రాల్లో దాదాపు ఐదవ వంతు పత్రాల్లో జన్యువుల పేర్లు తేదీలుగా మారినట్లు 2016లో ఒక అధ్యయనం వెల్లడించినది. చివరకు 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చినది. సర్వే నంబర్లను అట్లు మార్చుట సాధ్యం కాదు. కావున ఫైలును డేటా మెనూ ద్వారా దిగుమతి చేసి, ఆ నిలువు వరుసను పాఠ్యంగా ఎంచుకొనవలెను.

తెలుగు అక్షరాలు విరిగి కనిపించినచో లిపి సంకేతనమే కారణం. దిగుమతి సమయంలో యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకొన్నచో అక్షరాలు సరిగా వచ్చును. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన గ్రామాల పేర్లు మాత్రం సీఎస్‌వీలో అర్థం లేని గుర్తులుగా మారును. వాటిని ముందుగానే యూనికోడ్‌లోకి మార్చుకొనవలెను.

అక్షాంశ రేఖాంశాలు తారుమారు కావడం మరొక సాధారణ దోషం. బద్వేలు సుమారు 14.75 ఉత్తర అక్షాంశం, 79.05 తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. రెండు విలువలూ తారుమారైనచో పటంలో బోరు ఆర్కిటిక్ ప్రాంతపు స్వాల్‌బార్డ్ దీవుల్లో కనిపించును. పటంపై ఒకసారి చూచుకొనుట వలన ఈ దోషం వెంటనే బయటపడును.

విశ్లేషణ క్రమం

ఫైలు తెరచిన వెంటనే సూత్రాలు వ్రాయరాదు. మొదట వరుసల సంఖ్య క్షేత్ర పుస్తకంలోని కొలతల సంఖ్యతో సరిపోయినదా, సమయం ఎక్కడైనా వెనుకకు పోయినదా, అతి తక్కువ, అతి ఎక్కువ లోతులు నమ్మదగినవా అని చూడవలెను. పిదప నిమిషాలను అడ్డ అక్షంపై, నీటిలోతును నిలువు అక్షంపై ఉంచి చుక్కల పటం గీయవలెను. అడ్డ అక్షాన్ని లాగరిథమిక్ కొలతకు మార్చినచో, 1946లో కూపర్, జేకబ్ చూపినట్లు, ఒకే విడుదలతో సాగిన పరీక్షలో తొలి నిమిషాల తరువాతి చుక్కలు దాదాపు సరళరేఖపై నిలుచును. రేఖ నడుమ ఒక్కసారిగా నిటారుగా వంగినచో మట్టం ఏదో పగులు దాటినదని అనుమానించవలెను. ఆ లోతే ఆ బోరుకు నిజమైన హద్దు. సూత్రం ఎంత చెప్పినా దానిని మించి తోడుటకు ప్రణాళిక వేయరాదు. చివరి విలువ ఒక్కటే మిగిలిన పుస్తకంలో ఈ వంపు ఎన్నటికీ కనబడదు.

దశలవారీ విశ్లేషణకు వేరొక పత్రంలో ప్రతి దశ చివరి తగ్గుదలను విడుదలతో భాగించి, స్లోప్, ఇంటర్‌సెప్ట్ అను రెండు సూత్రాలతో రేఖ వాలును, ఆరంభ విలువను పొందవచ్చును. పై ఉదాహరణలో అవి 0.4, 2.0. ప్రతి సంవత్సరం మే నెలలో అదే బోరును అదే విధంగా పరీక్షించినచో ఈ రెండు సంఖ్యల మార్పు చాలా విషయాలు తెలుపును. వాలు పెరుగుచున్నచో బోరు పూడికకు గాని, కేసింగ్ రంధ్రాలు మూసుకొనుటకు గాని అవకాశమున్నది. బోరును శుభ్రపరచుట వలన ప్రయోజనం ఉండవచ్చును. ఆ సంఖ్యలు మారక స్థిర నీటిమట్టం మాత్రమే ఏటేటా దిగుచున్నచో లోపం బోరులో లేదు, ఊరి మొత్తం వినియోగంలో ఉన్నది. అప్పుడు కావలసినది లోతైన బోరు కాదు. తక్కువ నీటి పైరు, బిందు సేద్యం, చెరువు పూడికతీత.

భద్రపరచుట, పంచుకొనుట

అసలు ఫైలును చదువుటకు మాత్రమే వీలుగా ఉంచి, కనీసం రెండు చోట్ల నకళ్లు దాచవలెను. ఫైలు పేరులో బావి సంకేతం, తేదీ ఉండవలెను. ప్రతి నిలువు వరుస అర్థాన్ని, కొలిచిన పరికరాన్ని, లోతును ఎక్కడ నుండి కొలిచినారో తెలిపే చిన్న వివరణ పత్రం జతపరచవలెను. ఇతరులతో పంచుకొను ఫైలులో రైతు పేరు, ఫోను నంబరు, ఆధార్ వివరాలు ఉండరాదు. బావి సంకేతం చాలును. ఫైలు నకలు, అందులోని సారాంశం రైతుకు తెలుగులో ముద్రించి ఇచ్చుట పరీక్షలో భాగంగానే భావించవలెను. కొలత ఆయన బావిది. నిర్ణయం ఆయన తీసుకొనవలసినది.

ముగింపు

బోరుబావి భార పరీక్షకు అయ్యే ఖర్చులో అధిక భాగం ఒక దినపు శ్రమ. ఆ శ్రమ ఫలితాన్ని ఒకే సంఖ్యకు కుదించినచో పరీక్ష చేయనట్లే కాక, తప్పు నమ్మకాన్ని కూడా ఇచ్చును. ప్రతి కొలతను సమయంతో, కొలమానంతో, ఒక్కొక్క వరుసగా సాదా ఫైలులో ఉంచినచో, నేడు మోటారు ఎంచుకొనే రైతుకు, వచ్చే మే నెలలో మరల పరీక్షించే విస్తరణాధికారికి, పది సంవత్సరాల తరువాత ఈ లోయ నీటి లెక్క వేసే పరిశోధకునికి అదే ఫైలు ఉపయోగపడును. 5 లీటర్ల మోటారా, 3 లీటర్ల మోటారా అన్న ప్రశ్నకు సమాధానం తోట నాటుటకు ముందే తెలియవలెను. ఎండిన చెట్ల నడుమ కాదు.